తుపాకీ లేని ఓడ

గోడ చెయ్యి విరిగింది ఒక మనిషి దవడ మీద. ఆ మనిషి ఏ పాపమూ ఎరగడని తర్వాత తెలిసింది.

గోడ అన్నది బారులో పెట్టిన పేరు. ఒళ్ళు అలాంటిది. గుమ్మంలో నిలబడితే గాలి కూడా పక్కకు తప్పుకుని లోపలికి వెళ్ళాలి. యజమాని కౌంటరు వెనక కూర్చుని గడ్డంతో చూపిస్తాడు. ఎవరిని చూపిస్తే వాణ్ణి గోడ అందుకుంటాడు. ఎవరు, ఎందుకు అని అడగటం అతని పనిలో భాగం కాదు. ఆ సాయంత్రం కూడా గడ్డం కదిలింది. గోడ వెళ్ళి కాలరు పట్టుకుని, తల వెనక్కి వంచి, కుడిచేత్తో ఒక్కటిచ్చాడు. దవడ టప్పుమంది. అదే క్షణంలో తన చేతిలో కూడా ఏదో టప్పుమంది. కిందపడ్డవాడు నెత్తుటితోపాటు ఒక పన్ను ఉమ్మాడు. తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్దామని వచ్చానని చెప్పటానికి నానా తంటాలూ పడ్డాడు. సీసా పగలగొట్టిన అసలు ఆసామి ఈలోగా వెనక తలుపులోంచి చల్లగా జారుకున్నాడు. యజమాని పగలబడి నవ్వి, దెబ్బ ఎప్పుడూ వృథా పోదులే, ఎవడికో ఒకడికి పనికొస్తుంది అన్నాడు.

ఆస్పత్రిలో మోచేతి దాకా సిమెంటు కట్టు వేశారు. కట్టు విప్పేదాకా రావద్దని బారు నుంచి కబురొచ్చింది. ఒంటిచేతి గోడను ఎవడు లెక్కచేస్తాడు?

మర్నాడు పొద్దున్నే మేనకోడలు సంచి భుజాన వేసుకుని గది తలుపు కొట్టింది. కాలేజీకి వెళ్ళే పిల్ల. సెలవులు కదా, చూసిపోదామని వచ్చాను మామయ్యా అంది. ఆ ముక్క నమ్మటానికి గోడ నిన్న పుట్టినవాడు కాదు. పిల్ల సంచితో వచ్చిందంటే అక్కను బావ కొట్టాడని అర్థం. అలాంటప్పుడల్లా గోడ చేసే పని ఒకటే. చొక్కా తగిలించుకుని వెళ్తాడు, ఆ బిల్డింగు మెట్ల మీదే బావను పట్టుకుని నాలుగు తగిలిస్తాడు, వచ్చేస్తాడు. దెబ్బకు దెబ్బ, చెల్లుకు చెల్లు. తోడబుట్టినవాడి బాధ్యత తీరిందనుకుంటాడు. ఆ పూట కమ్మగా నిద్రపడుతుంది కూడా.

ఈసారి కూడా చొక్కా అందుకున్నాడు. కట్టు చేతికి పట్టలేదు. ఎడమచెయ్యి ఉందిగా అంటూ బొత్తాలతో కుస్తీపడుతుంటే పిల్ల మంచం అంచున కూర్చుని అతన్నే చూస్తోంది.

"నీకు చెప్పొద్దంది అమ్మ," అంది.

"ఏం?"

"అమ్మనే అడుగు."

అడగటానికేముంది, దెబ్బకు దెబ్బ, అంతే కదా అనుకున్నాడు. కానీ కట్టు లోపల చెయ్యి సలుపుతోంది, చొక్కా చంకలో ఇరుక్కుంది. సరే, ఒకటి రెండు రోజులు పోనీ, అప్పుడు వాడి సంగతి చూస్తానని మంచం మీద కూలబడ్డాడు.

పిల్ల తన పాత లాప్‌టాప్ తెరిచింది. తెర మీద నల్లటి ఆకాశం, అందులో ఇంత చిన్న ఓడ. గోడకు ఆటలంటే తెలుసు. బారు వెనక గదిలో కుర్రాళ్ళు ఆడుతుంటే చూశాడు. కాల్చటం, పేల్చటం, నరకటం. అందుకే కాసేపు చూసి, తుపాకీ ఏ బటను అని అడిగాడు.

తుపాకీ లేదంది. బాంబులు? అవీ లేవు. మరి శత్రువులొస్తే? శత్రువులే లేరు మామయ్యా అని నవ్వింది. ఇందులో గ్రహాలున్నాయి, దిగటం, చూడటం, అంతే. అంతేనా? అంతే. చూసినందుకు ఏమిస్తారని అడిగాడు. ఏమీ ఇవ్వరంది. పనీపాటా లేనివాళ్ళ ఆట అని తేల్చేసి గోడ అటు తిరిగి పడుకున్నాడు.

కానీ గది ఒక్కటే, తెర ఒక్కటే, అతనికి కూడా పనీపాటా లేదు. మధ్యాహ్నానికల్లా ఎడమచెయ్యి మీటల మీదకు వచ్చింది. పిల్ల అతనికి ఓ ఎర్ర గ్రహం చూపించి, ఇక్కడ దిగి చూడు అని చెప్పి తను పుస్తకం పట్టుకుంది.

దిగాడు. దిగీదిగగానే ఇసుక లేచింది. గాలి ఓడను ఎత్తి రాతికేసి కొట్టింది. రెక్క ఊడింది, అద్దం పగిలింది, ప్రాణం పోయింది. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఇంజను ఇంకా గట్టిగా తిప్పాడు. గాలి ఇంకా గట్టిగా కొట్టింది. మళ్ళీ. మళ్ళీ. గాలితో కూడా తగువు పెట్టుకోగల మనిషి గోడ. పళ్ళు పటపటా కొరికాడు, ఆటను పుట్టించినవాడి వంశాన్నంతా తిట్టాడు, చివరికి పిడికిలి బిగించి తెర మీదకు ఎత్తాడు. పిల్ల చటుక్కున మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. పిడికిలి లేచింది లాప్‌టాప్ మీదకు. పిల్ల దాచుకుంది తన మొహం. గోడ ఆ చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. నిన్ను కాదే అని గొణిగాడు. పిల్ల ఏమీ జరగనట్టు పుస్తకం మళ్ళీ తెరిచింది. ఎలా దిగాలో నువ్వైనా చెప్పరాదూ అని చాలాసేపటికి అడిగితే, చెప్తే ఇంకేముంది మామయ్యా, నువ్వే చూడు అంది.

ఆ పూట ఇక ఆటను ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు, ఎవరూ చూడటం లేదు కదా అని మళ్ళీ ఎర్ర గ్రహం మీదకు వెళ్ళాడు. గాలి మామూలుగానే లేచింది. ఇంకో నిమిషంలో రాతికేసి కొడుతుంది. కొట్టనీ అని విసుగెత్తి ఇంజను ఆపేసి, మంచినీళ్ళ సీసా కోసం వంగాడు.

తాగి తలెత్తేసరికి గాలి లేదు.

ముందు ఆట చెడిపోయిందనుకున్నాడు. ఇసుక జల్లెడలోంచి పిండిలాగా నెమ్మదిగా కిందికి దిగుతోంది. అనుమానమొచ్చి ఇంజను తిప్పాడు. గాలి లేచింది. ఆపాడు. పడిపోయింది. తిప్పాడు, లేచింది. ఆపాడు, పడిపోయింది. ఓరి నీ దుంపతెగ అనుకున్నాడు. ఇంత దెబ్బలాటా తన ఇంజనుతోనే! గోడ ఒక్కడే గదిలో కూర్చుని గట్టిగా నవ్వేశాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ గడ్డంతో చూపించలేదు. తనంతట తాను కనిపెట్టాడు.

ఇసుక పూర్తిగా దిగాక మైదానం కనిపించింది. మైదానం నిండా నిలువు రాళ్ళు. ఓడ దిగి నడిచాడు. రాయి దగ్గరకు వెళ్తే అది సన్నగా మోగుతోంది. రెండు రాళ్ళ మధ్య నిలబడితే రెండు మోతలూ కలిసి, ఇంకెక్కడో దూరంగా మూడోది పలుకుతోంది. ఆ పలికే వైపు నడిచాడు. చెయ్యి సలపటం మర్చిపోయాడు. పిల్ల వచ్చి పిలిస్తే పలకలేదు, టీ పక్కన పెడితే చల్లారబెట్టాడు. మోతను పట్టుకుని పోతూ పోతూ చివరికి ఓ గొయ్యి అంచుకు చేరాడు. గోతిలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు బొట్టు బొట్టుగా కింది నుంచి పైకి కురుస్తున్నాయి. ఆకాశంలోకి.

"కోడలా, ఇటు రా. త్వరగా రా."

ఆమె వచ్చి చూసి నోరు తెరిచింది. ఇంజను సంగతి నాకు తెలుసు గానీ ఇది నేనెప్పుడూ చూడలేదు మామయ్యా అంది. గోడ గుండె ఎంత పొంగిందో చెప్పలేం. ఊళ్ళో సగంమంది రౌడీలను మెడపట్టి గెంటిన రోజు కూడా అంత పొంగలేదు. గ్రహానికి పేరు పెట్టమని తెర అడుగుతోంది. పేరు తర్వాత, ముందు చూడనీ అని గోతి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నీళ్ళు ఎందుకు పైకి పోతున్నాయి? ఆ రాళ్ళను ఎవరు నిలబెట్టారు? ఎందుకు, ఎందుకు అని బుర్ర ఒకటే దొలుస్తోంది. ఇన్నేళ్ళు వాడకుండా మూలపడేసిన పనిముట్టు ఏదో చేతికి తగిలినట్టుంది.

ఆ దొలుపుడులోనే, రొట్టె తుంపి టీలో ముంచుతూ, ఆట సంగతి వదిలేసి ఇంకో సంగతి అడిగాడు. నాకు చెప్పొద్దని మీ అమ్మ ఎందుకందే అని. అమ్మనే అడుగు అని పిల్ల మళ్ళీ అదే మాట చెప్పింది. ఈసారి ఆ మాట అతనిలో ముల్లులా దిగబడింది.

మూడో రోజు బయల్దేరాడు. కొట్టటానికి కాదు, చూడటానికి. చూడటానికని ఒక చోటికి వెళ్ళటం అతని బతుకులో ఇదే మొదలు. అక్క ఉండే బిల్డింగు ఎదురుగా ఓ సెలూన్ ఉంది. అక్కడి కుర్చీలోంచి అద్దంలో బిల్డింగు గుమ్మం బాగా కనిపిస్తుంది. గడ్డం గీయించుకునే మిషతో కూర్చున్నాడు. మొహం నిండా నురగ పట్టించాక గోడను గుర్తుపట్టటం కన్నతల్లి తరం కూడా కాదు.

బావ అప్పుడే పనికి బయల్దేరుతున్నాడు. మందుల షాపులో పని. కింద వాకిట్లో ఓ పెద్దావిడ చేతిసంచి బరువుగా మోస్తుంటే అందుకుని, పై అంతస్తు దాకా తీసుకెళ్ళి ఇచ్చి, మళ్ళీ దిగివచ్చాడు. ఎదురైన ముసలాయనకు జేబులోంచి మాత్రలు తీసిచ్చాడు. నుదుటి మీద కిందటిసారి గోడ చేసిన గాటు ఇంకా ఎర్రగానే ఉంది.

కత్తి గొంతు మీద ఆనించి సెలూన్ అతను తనంతట తనే అందుకున్నాడు. ఆ మందుల షాపాయన బంగారం లాంటి మనిషి సార్. ఆ గాటు చూశారా? బావమరిది పనే. ఎవడో బారు రౌడీ. అప్పుడప్పుడూ వచ్చి ఇంత మనిషినీ మెట్ల మీద పడేసి గొడ్డును బాదినట్టు బాదిపోతాడు. ఆయన తిరిగి చెయ్యెత్తడు, పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనడు. ఆవిడేమో మొగుడు కొడుతున్నాడని చెప్పుకుంటుంది. ఎవరు నమ్ముతారు చెప్పండి? కళ్ళెదుట దెబ్బలు తింటున్నది ఎవరు?

"ఈసారి వస్తే వాడి పీక కోసేస్తా," అని కత్తిని గాలిలో ఆడించి, మళ్ళీ గోడ కంఠం మీద పెట్టాడు.

గోడ కదల్లేదు. భయంతో కాదు. అద్దంలో నురగ మధ్య నుంచి తన కళ్ళే తనను చూస్తుంటే కదలబుద్ధి కాలేదు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

రోడ్డు దాటి పైకి వెళ్ళేసరికి అక్క మిషను మీద ప్యాంటు అంచు మడత కుడుతోంది. వీపు కుర్చీకి ఆనకుండా ముందుకు వంగి కూర్చుంది. తమ్ముణ్ణి చూడగానే మిషను ఆపేసింది. దణ్ణం పెడతాను, ఇవాళ వద్దురా, వెళ్ళిపో అంది.

"కొట్టటానికి రాలేదక్కా. ఒకటి అడగటానికి వచ్చాను. నేను కొట్టి వెళ్ళాక ఇక్కడ ఏమవుతుంది?"

అక్క అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఎన్నాళ్ళకు అడిగావు అన్నట్టుంది ఆ చూపు. తర్వాత పోగు కొరుకుతూ, తల ఎత్తకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. నువ్వు వెళ్ళాక అందరూ వస్తారు. ఆయన గాయాలు కడుగుతారు, పాలు కాచి తెస్తారు, నన్ను అసహ్యంగా చూసి పోతారు. తలుపు వేసుకున్నాక ఆయన రేడియో పెడతాడు. నువ్వు ఒకటి కొడితే నాకు రెండు. ఎక్కడ కొడితే బట్టల కింద దాగుతుందో ఆయనకు తెలుసు. ఓసారి పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, ముందు మీ తమ్ముడి మీద కేసు రాయమంటావా అని నవ్వి పంపేశారు. అందుకే పిల్లతో చెప్పొద్దన్నాను.

గోడ నేల మీద కూర్చుండిపోయాడు. ఏడ్చాడు. అంత ఒళ్ళు ఏడుస్తుంటే గది ఇరుకైంది. అక్క ఓదార్చలేదు. ప్యాంటు మడిచి, పక్కన పెట్టి, లేచి నిలబడింది.

"ఏడుపు తర్వాత. నేను ఇవాళ వెళ్ళిపోతున్నాను. బట్టలు సర్దాను. మిషను తల ఒక్కటే దించలేకపోతున్నాను. ఇనుముది, నావల్ల కావట్లేదు. అది దించిపెట్టు చాలు."

"ఆయనొస్తే?"

"వస్తే రానీ. నువ్వు మాత్రం చెయ్యెత్తకూడదు. ఎత్తావంటే నేను ఇక్కడే ఉండిపోతాను. ఒట్టు."

బల్లలు ఎక్కడైనా దొరుకుతాయి, తల దొరకదు అంటూ పనిలో పడింది. మిషను మీద గుడ్డను నొక్కిపట్టే పాదం దించి దాని కింద గుడ్డముక్క పెట్టింది. సూది తీసి పాత దుప్పటి కొసకు గుచ్చింది. బెల్టు ఊడబెరికి, మరలు విప్పి, తలను దుప్పట్లో చుట్టింది. గోడ ఎడమచెయ్యి అడుగున వేసి, కట్టు ఉన్న చెయ్యి పైనుంచి వేసి, గుండెకు ఆనించి ఎత్తాడు. కట్టు లోపల ఎముక కేకపెట్టింది. అక్క సంచి తీసుకుని వెనకాలే నడిచింది.

రెండు మలుపులు దిగారో లేదో బావ ఎదురయ్యాడు. రౌడీ మళ్ళీ వచ్చాడని ఎవరో పుణ్యాత్ములు షాపుకు ఫోను చేశారు. అప్పటికే తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. బావ ముందు ఆ తలుపుల వంక చూశాడు. తర్వాత గోడ వంక.

"ఏం బావమరిదీ, మళ్ళీ వచ్చావా? కొట్టు. నీ కసి తీరేదాకా కొట్టు," అన్నాడు అందరికీ వినిపించేలా.

అని కళ్ళు మూసుకుని చెంప తిప్పాడు. గోడ మొదటిసారి ఆ మనిషిని పరకాయించి చూశాడు. బావ బరువంతా వెనక కాలి మీద ఉంది. ఒక చెయ్యి రెయిలింగుకు జానెడు దూరంలో సిద్ధంగా ఉంది. ఎంతోమందిని పడగొట్టిన గోడకు ఆ నిలబడటం అర్థం కాకుండా ఎలా ఉంటుంది? పడటానికి ముందే చోటు చూసుకున్న మనిషి అతను. ఆ చోటు పెద్దావిడ గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

"దారియ్యి బావా, బరువుగా ఉంది," అన్నాడు గోడ.

బావ కళ్ళు తెరిచాడు. రావలసిన దెబ్బ రాలేదు. ఒక మెట్టు పైకి వచ్చి, గోడ చెవిలో, తోడబుట్టిన దాని గురించి ఏ తమ్ముడూ వినకూడని మాట అన్నాడు. గోడ కళ్ళు ఎర్రబడ్డాయి. దుప్పట్లోంచి ఇనుప అంచు మణికట్టును కోస్తోంది. ఆ తలను అలాగే బావ నెత్తి మీద వదిలేస్తే ఒక్క క్షణంలో అయిపోతుంది. వదలాలని ఎంత ఉందో అతనికే తెలుసు. ఇంకా గట్టిగా గుండెకు అదుముకున్నాడు.

"దారియ్యి బావా."

అప్పుడు బావకు పిచ్చి పట్టింది. గోడ పక్కనుంచి పై మెట్టుకు దూరి అక్క జుట్టు అందుకున్నాడు. లాగి తలను మెట్ల పక్క ఇటుక గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టబోతుంటే తమ్ముడు తన ఒళ్ళంతా మధ్యలోకి తోసి అడ్డం నిలబడ్డాడు. అక్క సంచిలోంచి బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర జారిపడింది. బావ దాన్ని అందుకుని పిడితో కొట్టటం మొదలుపెట్టాడు. భుజం మీద, మెడ మీద, చెవి మీద. చెవి చీలి నెత్తురు దుప్పటి మీద కారింది. కొడుతూ కొడుతూ తలుపుల సంగతి మర్చిపోయాడు. మొన్న ఎముక విరగ్గొట్టకుండా వదిలానే, తప్పు నాదే, కదిలావంటే ఇక్కడే చంపుతాను అని పెళ్ళాన్ని అరిచాడు. ఏళ్ళ తరబడి రేడియో చాటున అన్న మాటలన్నీ మెట్ల మీద, పట్టపగలు, ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. గోడ ఒకసారి మోకాలి మీద కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు. చేతులు మాత్రం మిషనును వదల్లేదు.

ఎత్తిన కత్తెర ఆగింది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బావ ఒక్కొక్క మొహమే చూశాడు. పెదవుల మీదకు పాత నవ్వు తెచ్చుకోబోయాడు. రాలేదు.

పెద్దావిడ రెండు మెట్లు దిగి, సంచిలోంచి దొర్లిపోయిన దారపు ఉండను వంగి తీసి అక్క చేతిలో పెట్టింది.

"ఆ చప్పుళ్ళు నీ మిషనువి అనుకున్నానమ్మా. ఆయన అలాగే చెప్పాడు," అంది.

తర్వాత బావకూ వాళ్ళకూ మధ్య మెట్టు మీద నిలబడింది. సన్నటి మనిషి, ఊదితే ఎగిరిపోతుంది. ఆమె పక్కకు ఇంకో తలుపులోంచి ఇంకొకామె వచ్చి నిలబడింది. దిగండమ్మా, మేం చూస్తాం, ఎక్కడ చెప్పమన్నా చెప్తాం అంది. బావ చేతిలో కత్తెర అలాగే ఉంది. ఆ మెట్టు దాటలేకపోయాడు.

టాక్సీలో గోడ మిషనును ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో సర్దుకున్నాడు. అక్క తన కొంగుతో అతని చెవిని అదిమి పట్టుకుంది. ఆమె నుదుటి మీద కూడా బొప్పి కట్టింది. డ్రైవరు అద్దంలో ఇద్దర్నీ చూసి ఆస్పత్రికా అని అడిగాడు. గోడ తన గది వీధి చెప్పబోయాడు.

"నీ గదికి కాదురా," అంది అక్క. "ముందు ఆస్పత్రికి. కట్లు కట్టించుకుని, దెబ్బలకు డాక్టరు చేత కాగితం రాయించుకుని, అక్కణ్ణుంచి బస్టాండు అవతలికి. కుట్టుపని చేసే ఆడవాళ్ళు నలుగురు కలిసి ఓ హాలు తీసుకున్నారు. వెనక గది నాది. పిల్లని సాయంత్రానికి అక్కడికే రమ్మన్నాను."

గోడ తెల్లబోయాడు. అక్క ఇల్లూ మిషనూ తప్ప ఎరగదని ఇన్నాళ్ళూ అతని నమ్మకం. ఎవరు చూపించారక్కా అని అడిగాడు.

ఎవరూ చూపించలేదంది. కుట్టిన బట్టలు ఇచ్చి రావటానికి వెళ్ళినప్పుడల్లా ఒక్కో వీధి మార్చి నడిచేదాన్ని. ఇవాళ ఈ సందు, రేపు ఆ సందు. ఏముందో చూద్దామని. ముందు ఊరికే చూడటానికే వెళ్ళాను, ఆ కాస్తసేపూ ప్రాణానికి హాయిగా ఉండేది. ఒకరోజు చర్మాల గోదాము వెనక ఓ సందు కనపడింది. చివర గోడే ఉంటుందనుకున్నాను. తీరా వెళ్తే లోపల్నుంచి మిషన్లు వినిపించాయి, ఒకటి కాదు, చాలా. ఆ మాట చెబుతున్నప్పుడు వాచిన ఆమె మొహంలోకి వెలుగు వచ్చింది. గోడ చెవి నెత్తురు సంగతి మర్చిపోయి, మిషను మీదుగా ఆమె వైపు ముందుకు వంగాడు.

"తలుపు కొట్టావా? తర్వాత? లోపల ఏముంది?"